క్యాలెండర్‌లో మార్చి, నీళ్లలో ఇంకా ఫిబ్రవరి

మార్చి మొదటి శనివారం, డాలస్‌కు ఉత్తరాన ఒక రిజర్వాయర్. ఎండ బాగా కాస్తోంది, టీషర్ట్ చాలనిపించే రోజు. పొద్దున ఏడింటికే డాక్ మీదికి చేరి, పదకొండు దాకా ఎరలు మార్చి మార్చి ఒడ్డు వైపు విసిరాను. ఒక్క చేప ముట్టలేదు. పదింటికి ఒక ముసలాయన వచ్చి డాక్ చివర మడత కుర్చీ వేసుకున్నాడు. పన్నెండున్నరకి లేచేసరికి ఆయన బకెట్‌లో పదికి పైగా క్రాపీ చేపలున్నాయి. వెళ్తూ వెళ్తూ నా వైపు జాలిగా చూసి, జేబులోంచి దారం కట్టిన చిన్న థర్మామీటర్ తీసి నీళ్లలోకి వదిలాడు. గాలి 76 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది. నీళ్లు 52. అంటే మన లెక్కలో 11 డిగ్రీలు. "నువ్వు వెతుకుతున్న చోటికి అవి ఇంకా రాలేదు. రావడానికి ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది" అన్నాడు. అప్పటిదాకా ఆయన గాలం పదిహేను అడుగుల లోతులో ఉందన్న సంగతే నేను గమనించలేదు.

అమెరికాలో వసంతకాలం చేపల వేట గురించి వినిపించే సలహాల్లో సగం ఒకదానికొకటి పొంతన లేనట్టు ఉంటాయి. లోతు తక్కువ చోట వెయ్యమని ఒకరు, లోతుగా దింపమని ఇంకొకరు. తెల్లవారుజామునే వెళ్లమని ఒకరు, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే పడుకోమని ఇంకొకరు. ఇవన్నీ నిజమే, కాకపోతే వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర నిజం. తేదీ పక్కన పెట్టి నీళ్ల వేడి చూడడం మొదలుపెడితే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ఇక్కడ ఎక్కువమంది వెంటపడేవి రెండు చేపలు. ఒకటి లార్జ్‌మౌత్ బాస్. నోరు తెరిస్తే పిడికిలి పట్టేంత, పచ్చటి ఒళ్లు, పక్కన నల్లటి చార. రెండోది క్రాపీ. అరచేతి కంటే కొంచెం పెద్దది, పల్చగా, వెండి మీద నల్ల చుక్కలు చల్లినట్టుంటుంది. పేర్లు, సైజులు వేరైనా రెండూ సన్‌ఫిష్ కుటుంబానివే, అన్నదమ్ముల పిల్లల్లాంటివి. రెండిట్లోనూ మగ చేపే గూడు చేసి గుడ్లకు కాపలా కాస్తుంది. రెండూ వసంతంలోనే లోతు వదిలి ఒడ్డుకొస్తాయి. మిగతా ఏడాదంతా పడవ, నీళ్ల కింద చేపల్ని చూపించే సోనార్ ఉన్నవాళ్లదే రాజ్యం. ఈ ఆరేడు వారాలు మాత్రం ఒడ్డున నిలబడ్డ మామూలు మనిషికి కూడా పెద్ద చేప అందుతుంది. అందుకే ఈ హడావుడి.

నీళ్లు కాగులో కాగినట్టు మెల్లగా కాగుతాయి, మెల్లగా చల్లారతాయి. మూడు రోజులు ఎండ కాసినంత మాత్రాన నలభై అడుగుల లోతున్న సరస్సుకు చలనం ఉండదు. కానీ మూడడుగుల లోతున్న మూలకు ఉంటుంది. అందులోనూ అన్ని మూలలూ ఒకటి కావు. ఉత్తరం ఒడ్డు దక్షిణం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి, దక్షిణంగా వంగిన సూర్యుడి ఎండ దానికి సూటిగా తగులుతుంది. పైగా ఆ గట్టూ, దాని మీది చెట్లూ చల్లటి ఉత్తర గాలిని అడ్డుకుంటాయి. అడుగున నల్లమట్టి ఉంటే వేడి ఇంకా పడుతుంది. ఆనకట్ట రాళ్లు పగలంతా వేడెక్కి పక్క నీళ్లను కొంచెం వెచ్చబరుస్తాయి. బురద నీళ్లు తేట నీళ్ల కంటే పైపైన త్వరగా వేడెక్కుతాయి. అందుకే డాక్ చివర 52 చూపించిన థర్మామీటరే అదే మధ్యాహ్నం వాయవ్య మూలలో 58 చూపించగలదు. ఒకే సరస్సులో ఒకే రోజు రెండు ఋతువులు నడుస్తుంటాయన్న మాట.

పొద్దున్నే వెళ్లి నేను చేసిన తప్పు కూడా ఇక్కడే అర్థమైంది. చేప వేటంటే తెల్లవారుజామే అని చిన్నప్పటి నుంచీ బుర్రలో నాటుకుపోయింది. ఎండాకాలంలో అది సరైనదే. మార్చి మొదట్లో మాత్రం రాత్రి చలికి లోతు తక్కువ నీళ్లు మళ్లీ చల్లబడి, పొద్దున ఏడింటికి రోజు మొత్తంలోకీ అతి చల్లగా ఉంటాయి. మధ్యాహ్నం మూడింటికి నాలుగైదు డిగ్రీలు పెరగొచ్చు. చేప చల్లటి రక్తపు జీవి. నీళ్ల వేడిని బట్టే దాని అరుగుదల, దాని ఆకలి, దాని వేగం. ఆ నాలుగైదు డిగ్రీలే దానికి భోజనం గంట.

మనవాళ్లతో ఇంకో చిక్కుంది. ఊళ్లో చెరువు గట్ల మీద పెరిగినవాళ్లకు చేపలు కదలడమంటే వాన, కొత్త నీరు. మృగశిర వచ్చి, వాగులు పొర్లి, కొత్త నీటికి బొచ్చెలు, శీలావతులు ఎదురెక్కి గుడ్లు పెడతాయి. అక్కడ మీట నొక్కేది వరద. నీళ్లు ఎలాగూ ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి కాబట్టి వేడికి అక్కడ ప్రత్యేకత లేదు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. శీతాకాలం నీళ్లు గడ్డకట్టేదాకా వెళ్లే దేశంలో పగటి పొడవు పెరగడం, నీళ్లు వేడెక్కడం, ఈ రెండే మీట. టెక్సస్‌లో ఫిబ్రవరిలో పెద్ద వాన పడితే మా స్నేహితుల గ్రూపులో "కొత్త నీరొచ్చింది, పదండి" అని ఒకడు తప్పకుండా మెసేజ్ పెడతాడు. ఆ వాన చల్లటి వానైతే వెళ్లి చలికి వణికి రావడమే. ఏప్రిల్‌లో వెచ్చటి వాన పడి, వాగు నోటి దగ్గర నీళ్లు సరస్సు కంటే వెచ్చగా ఉంటే మాత్రం వాడి మాట నిజమవుతుంది.

ఈ కదలిక దక్షిణం నుంచి ఉత్తరానికి పాకుతూ పోతుంది. ఫ్లోరిడాలో బాస్ జనవరి, ఫిబ్రవరిలోనే గుడ్లకు వస్తాయి. టెక్సస్‌లో చాలావరకు మార్చి, ఏప్రిల్. కెంటకీ ప్రాంతంలో ఏప్రిల్, మే. మిన్నెసోటా, మిషిగన్‌లలో మే, జూన్. కాబట్టి యూట్యూబ్‌లో ఎవరో "ఈ వారం ఇలా పట్టండి" అన్నారంటే ముందు ఆయన ఏ రాష్ట్రంలో ఉన్నాడో చూడండి.

ఇప్పుడు ప్రయాణం సంగతి. శీతాకాలమంతా లోతులో గడిపిన చేప ఒక్క రోజులో గెంతి ఒడ్డుకు రాదు. పెళ్లికొచ్చినవాళ్లు నేరుగా మండపంలోకి రాకుండా ముందు విడిదిలో దిగినట్టు, అది మధ్యలో ఆగుతుంది. టెక్సస్ సరస్సులు దాదాపు అన్నీ నదులకూ వాగులకూ ఆనకట్ట కట్టగా ఏర్పడ్డవే. నీళ్ల కింద పాత వాగు గాడి అలాగే ఉంటుంది. ఆ గాడి చేపలకు రహదారి. ప్రధాన సరస్సు నుంచి చీలిపోయే పాయలోకి ఆ గాడి వెంట వచ్చి, పాయ లోపల నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చిన నేల దగ్గర, మునిగిన చెట్ల మొదళ్ల దగ్గర ఆగుతాయి. అక్కడి నుంచి రెండు తోక ఊపుల్లో లోతూ అందుతుంది, ఒడ్డూ అందుతుంది. నీళ్లు 50 దాటాక 60 చేరేదాకా, అంటే 10 నుంచి 15 సెల్సియస్ మధ్య, బాస్ ఈ విడిదిలోనే ఉంటాయి. కడుపు నిండా గుడ్లున్న ఆడ చేపలు ఏడాదిలోకెల్లా ఎక్కువ బరువుండేది ఇప్పుడే. బాగా తినేదీ ఇప్పుడే. అవి తినేవాటిలో బురదలోంచి అప్పుడే బయటికొస్తున్న, రొయ్యల్లాంటి ఎర్రటి క్రాఫిష్‌లు కూడా ఉంటాయి కాబట్టి, ఈ రోజుల్లో టెక్సస్‌లో ఎవరి ఎరల పెట్టె తెరిచినా గలగలలాడే ఎర్ర ప్లాస్టిక్ చేప ఒకటి కనిపిస్తుంది. పెద్ద చేప కావాలంటే గూళ్ల రోజుల కంటే ఈ విడిది రోజులే మేలని నా అభిప్రాయం. ఫొటోల్లో ఇంత అందంగా రాదు, అంతే.

టెక్సస్ వన్యప్రాణి శాఖ దీన్ని ఒక పద్ధతిగానే వాడుకుంటుంది. 1986లో మొదలైన షేర్‌లంకర్ అనే కార్యక్రమంలో 13 పౌండ్లు, అంటే ఆరు కిలోలకు కొంచెం తక్కువ, దాటిన బాస్ పట్టినవాళ్లు దాన్ని ప్రభుత్వ హేచరీకి అప్పుగా ఇవ్వొచ్చు. అక్కడ దానితో గుడ్లు పెట్టించి, పిల్లల్ని రాష్ట్రంలోని సరస్సుల్లో వదులుతారు. ఆ అప్పు తీసుకునేది జనవరి 1 నుంచి మార్చి 31 దాకానే. గుడ్లు పెట్టేశాక వచ్చిన చేప వాళ్లకెందుకు? రాష్ట్ర రికార్డు 18.18 పౌండ్ల బాస్ దొరికింది కూడా జనవరిలోనే, 1992లో, లేక్ ఫోర్క్‌లో.

నీళ్లు 60 దాటి 65 వైపు వెళ్తుంటే మగ బాస్ ఒడ్డుకు చేరి గూడు మొదలుపెడుతుంది. గూడంటే పుల్లలూ గడ్డీ కాదు. రెండు మూడు అడుగుల లోతులో గట్టి నేల, ఇసుకో గులకరాళ్లో ఉన్నచోట తోకతో బురద ఊడ్చేసి చేసుకున్న పళ్లెం. నీళ్ల మీది మెరుపును ఆపే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని గట్టు మీద నడిస్తే, చీకటి అడుగున తెల్లటి గుండ్రటి మచ్చలా కనిపిస్తుంది. ఆడ చేప వచ్చి కొన్ని వేల గుడ్లు పెట్టి లోతు వైపు వెళ్లిపోతుంది. మగది ఉండిపోతుంది. తోకతో విసురుతూ గుడ్ల మీద మడ్డి పేరుకోకుండా చూస్తుంది, దగ్గరకొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. కొన్ని రోజుల్లో గుడ్లు పగిలి, పిల్లలు గుంపుగా ఈదడం మొదలుపెట్టాక కూడా వెంటే తిరుగుతుంది. కొర్రమీనును చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఎర్రటి పిల్లల ముద్ద నీళ్ల పైకి తేలి బుడగలు వదులుతుంటే, కింద నల్లగా తల్లిదండ్రుల కాపలా. నేను మొదటిసారి బాస్ పిల్లల గుంపును చూసినప్పుడు నోట్లోంచి వచ్చిన మాట "అరే, కొర్రమీను పిల్లలు" అనే.

కొత్తవాళ్లకు బోధపడని విషయం ఇక్కడే ఉంది. గూటి మీదున్న చేప దాదాపు తినదు. కళ్లెదుట కనిపిస్తున్న చేప ముందు పది రకాల ఎరలు ఊపినా మూతి తిప్పుకుంటే బుర్ర తిరిగిపోతుంది. దానికిప్పుడు ఆకలి లేదు, కోపం ఉంది. బల్లి ఆకారంలోని రబ్బరు ఎర సరిగ్గా గూటి మధ్యలో పడి అక్కడే కదులుతుంటే, గుడ్లు దొంగిలించడానికొచ్చిందనుకుని నోటితో పట్టి బయట పారేయబోతుంది. గాలం చిక్కేది ఆ క్షణంలో. మరి అలా పట్టొచ్చా? టెక్సస్‌లో చట్టం అడ్డు చెప్పదు. ఉత్తరాది రాష్ట్రాలు కొన్నింటిలో మాత్రం గూళ్ల కాలంలో బాస్ వేట మీద ఆంక్షలున్నాయి, ఎందుకంటే అక్కడ వేసవి చిన్నది, గుడ్లు పోతే రెండో అవకాశం తక్కువ. నా మటుకు నేను ఒకసారి చూసిన దృశ్యంతో ఆపేశాను. ఒకతను గూటి మీది బాస్‌ను పట్టి, ఫొటో తీసుకుని, తూకం వేసి, రెండు నిమిషాల్లో జాగ్రత్తగా వదిలేశాడు. ఆ రెండు నిమిషాల్లో ఏడెనిమిది బ్లూగిల్ చేపలు గూట్లో దిగి, తలలు కిందికి పెట్టి, విందులో కూర్చున్నట్టు కూర్చున్నాయి. చేపను వదిలామన్న తృప్తి అతనికి మిగిలింది. గుడ్లలో ఎన్ని మిగిలాయో మాత్రం చెప్పలేం.

క్రాపీ పద్ధతి కొంచెం వేరు. గుడ్లకు వచ్చే వేడి దాదాపు అదే, 60 నుంచి 68 మధ్య. కానీ బాస్ ఒంటరి కాపురం, క్రాపీ పేటంతా ఒకచోటే. ఒక గూడు దొరికిందంటే పక్కనే ఇరవై ఉంటాయి. అందుకే ఒకటి పడ్డచోటు నుంచి అడుగు కదలకూడదు. ఈ రోజుల్లో మగ క్రాపీ మెడా గొంతూ మసి పూసినట్టు నల్లబడతాయి. దాన్ని చూసి చాలామంది "ఇది బ్లాక్ క్రాపీ" అంటారు, పొరపాటు. బ్లాక్, వైట్ అని రెండు జాతులున్నాయి, కాకపోతే తేడా రంగులో లేదు, వీపు రెక్క ముళ్లలో ఉంది. వైట్ క్రాపీకి ఐదో ఆరో, బ్లాక్ క్రాపీకి ఏడో ఎనిమిదో. బురద నీళ్లకు వైట్ ఓర్చుకుంటుంది. తేట నీళ్లూ గడ్డీ ఉన్నచోట బ్లాక్ ఎక్కువ. ఎంత లోతులో గూడు పెడతాయనేది కూడా నీళ్ల తేటను బట్టే. బురద సరస్సులో రెండడుగుల్లోనే దొరికే క్రాపీ, అడుగు కనిపించే సరస్సులో ఎనిమిది, పది అడుగుల్లో ఉండొచ్చు.

క్రాపీ పట్టడంలో అసలు కిటుకు దాని కళ్లలో ఉంది. పైకి చూసే కళ్లు దానివి. తన కంటే కొంచెం పైనున్న ఎరను చూసి లేస్తుంది, కిందకు పడిందాన్ని పట్టించుకోదు. కాబట్టి ఎర ఎప్పుడూ చేప కంటే అడుగు పైనే ఉండాలి. ఇంకో సంగతి, మనకు తెలిసిన చేప బెండును బుడుంగున ముంచుతుంది. క్రాపీ ఎరను నోట్లో పెట్టుకుని పైకి లేస్తుంది, దాంతో బరువు తేలికై నిలువుగా ఉన్న బెండు పక్కకు వాలి పడుకుంటుంది. మొదట్లో నేను దాన్ని గాలి అనుకుని ఎన్ని చేపలు పోగొట్టుకున్నానో. బెండు పడుకుందంటే చేప పట్టిందని అర్థం. అలాగని గట్టిగా గుంజితే పెదవి చిరిగి జారిపోతుంది. దాని మూతి కాగితంలా పల్చన, ఇక్కడివాళ్లు కాగితం నోరు అనే పిలుస్తారు. మణికట్టు మాత్రం కదిపి మెల్లగా ఎత్తాలి.

ఇక అందరినీ ఏడిపించేది చలిగాలి. ఏప్రిల్ గురువారం దాకా అద్భుతంగా పడతాయి, శుక్రవారం ఉత్తరం నుంచి ఫ్రంట్, అంటే చల్లటి గాలి దండు, దిగుతుంది, శనివారం నీలాకాశం, మెరిసే ఎండ, ఒక్క చేప ఉండదు. దీనికి అందరూ చెప్పే కారణం గాలి పీడనం. నాకు ఆ వాదన మీద పెద్ద నమ్మకం లేదు. ఫ్రంట్ వచ్చి వెళ్లినప్పుడు పీడనం సాధారణంగా పది, ఇరవై మిల్లీబార్లు మారుతుంది. నీళ్లలో ఒక్క అడుగు కిందికి దిగితేనే దాదాపు 30 మిల్లీబార్లు పెరుగుతుంది. అంటే చేప ఒక అడుగు పైకో కిందికో ఈదితే తుఫానంత మార్పును చూసేస్తుంది. లోతు తక్కువ నీళ్లు రాత్రికి రాత్రి చల్లబడడం, మబ్బు పోయి వెలుగు పెరగడం, గాలి దిక్కు మారడం నాకు ఇంతకంటే నమ్మదగ్గ కారణాలు. ఏదైతేనేం, చేయాల్సింది ఒకటే. గూళ్లింకా మొదలవకపోతే చేపలు విడిదికి వెనక్కి తగ్గుతాయి, మనమూ తగ్గాలి. క్రాపీ వెనక్కి తగ్గడంలో బాస్ కంటే తొందరపాటు మనిషి. గూటి మీదున్న మగవి మాత్రం అక్కడే ఉంటాయి, చెట్టు మొదలుకు అతుక్కుపోయి.

టెక్సస్‌లో మామూలు నియమం బాస్‌కు కనీసం 14 అంగుళాలు, రోజుకు ఐదు. క్రాపీకి 10 అంగుళాలు, రోజుకు ఇరవై ఐదు. కొన్ని సరస్సులకు సొంత నియమాలున్నాయి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ను ఇంటికి తీసుకెళ్లకూడదు, పెద్దవయ్యేవి అవే కాబట్టి. అదే సరస్సులో క్రాపీకి ఇంకా విచిత్రమైన రూలుంది. డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఎంత చిన్న క్రాపీ పడినా వదలకూడదు, ఉంచుకుని లెక్కలో వేసుకోవాల్సిందే. చిన్న చేపను వదలొద్దనడమేమిటని నేనూ నవ్వాను. కారణం తెలిశాక నవ్వు పోయింది. ఆ నెలల్లో క్రాపీలు బాగా లోతులో ఉంటాయి. 33 అడుగుల కింద పీడనం పైకంటే రెట్టింపు. అక్కడి నుంచి చేపను గబగబా పైకి లాగితే దాని కడుపులోని గాలి తిత్తి రెండింతలు ఉబ్బుతుంది. తేలిక చేసుకునే దారి దానికి లేదు. వదిలినా తేలుతూ చచ్చిపోతుంది. కొలత పెట్టి చిన్నవాటిని వదలమంటే, వదిలినవి చావడమే కాక జనం ఇంకా పడుతూ పోతారు. అందుకని వదలొద్దని, ఇరవై ఐదుకు ఆపేయమని అన్నారు. మార్చిలో చేపలు పైకొచ్చాక మళ్లీ మామూలు కొలతే.

లైసెన్సు 17 ఏళ్లు నిండినవాళ్లలో దాదాపు అందరికీ కావాలి. స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచో డాక్ మీంచో పట్టుకుంటే అక్కర్లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అక్కడే మొదలుపెట్టడం మంచిది.

ఏప్రిల్ ఆఖరుకు గూళ్లు ఖాళీ అవుతాయి. గుడ్లు పెట్టిన ఆడ బాస్ కొన్నాళ్లు సోలిపోయి ఉంటాయి, ఎరను చూసీ చూడనట్టు పోతాయి. వాటిని లేపేది షాడ్. వేలెడంత వెండి చేపలివి. నీళ్లు 65, 70 చేరాక తెల్లవారుజామున గట్టు రాళ్ల వెంట గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి, నీళ్ల మీద వాన చినుకులు పడ్డట్టు ఒడ్డంతా చిటపటలాడుతుంది. బాస్ వాటి వెనకే. సూర్యుడు పైకొచ్చిన అరగంటకు అంతా అయిపోతుంది. మార్చిలో నాకు పనికిరాని తెల్లవారుజాము మే నెలలో మళ్లీ పనికొచ్చింది.

వంట విషయానికొస్తే, బాస్‌ను నేను వదిలేస్తాను. రుచి తక్కువని కాదు. అది చేపల్ని తినే చేప, ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. కాడో, టొలీడో బెండ్ లాంటి తూర్పు టెక్సస్ సరస్సుల్లో బాస్‌ను మితంగా తినమని ఆరోగ్య శాఖ హెచ్చరికలే ఉన్నాయి. క్రాపీ మాత్రం ఇంటికి రావాల్సిందే. లూసియానాలో దాన్ని సాక్-అ-లే అంటారు, ఫ్రెంచ్‌లో చదివితే పాలసంచి అని అర్థం, మాంసం అంత తెల్లన. శీలావతిలో ఉన్నట్టు కండ మధ్యలో చీలిక ముళ్లుండవు, పిల్లలకు భయం లేకుండా పెట్టొచ్చు. ఇక్కడివాళ్లు మొక్కజొన్న పిండిలో పొర్లించి నూనెలో వేయిస్తారు. మా ఇంట్లో అల్లంవెల్లుల్లి, కారం, కాస్త బియ్యప్పిండి పట్టించి వేపుడు. పులుసు పెట్టాలని ఉంటే చింతపండు పులుసు బాగా మరిగాకే చివర్లో ముక్కలు వేసి, ఐదారు నిమిషాలకు దించేయాలి. గరిటె పెట్టారంటే చేప కనిపించదు, గిన్నె అంచులు పట్టుకుని తిప్పడమే.